చాకు బాబూరావు ఎంచిన టెంటు

పలివెల బాబూరావు సెల్ ఫోను మర్చిపోయి ఊరు దాటిన రోజులున్నాయి గానీ, చాకు లేకుండా గడప దాటిన రోజు లేదు. పెళ్లికెళ్లినా అంతే, చర్చికెళ్లినా అంతే. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని, ప్యాంటు కుడి జేబు ఓసారి తడిమి చూసుకుని మరీ బయల్దేరేవాడు. "దేవుడి దగ్గరికి కూడా చాకెందుకండీ, కూరగాయలేమైనా తరగమంటారా?" అని భార్య నిర్మల ఎన్నిసార్లు దెప్పినా "ఆయ్" అనేవాడే గానీ దాన్ని తీసి ఇంట్లో పెట్టింది లేదు. ఊళ్లో వాళ్లు వెనకాల చాకు బాబూరావు అనేవారు. కొందరైతే ఎదురుగానే అనేవారు. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

కొత్తపేటలో గోవిందరాజులు గారి టెంట్ హౌస్ ఉంది. అందులో ముప్పై నాలుగేళ్లుగా షామియానాలు వేసేది ఈ బాబూరావే. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, సువార్త సభలు, గుడి కల్యాణాలు, చావులు, ఏదైనా సరే. రాట పాతే చోట నేల గట్టిదా గుల్లదా అని కాలితో తొక్కి చెప్పగలడు. కొబ్బరాకు కొస కదిలే తీరు చూసి, ఇంకో అరగంటలో గాలొస్తుందో రాదో చెప్పగలడు. అందరూ అది ఆయన అనుభవం అనుకునేవారు. అనుభవమూ కాదు, గొప్పా కాదు, ఆ మనిషికి గాలంటే భయం. అదెంత భయమంటే, వేసవిలో పక్కింటి వాళ్ల రేకు టపటపమంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆ భయానికి పదమూడేళ్లు. రాజోలు దగ్గర ఓ ఊళ్లో పెళ్లికి గోవిందరాజులు గారు కొత్త షామియానా పంపేరు. అద్దాలు కుట్టిన గుడ్డ, అప్పుడే మొదటిసారి విప్పడం. మధ్యాహ్నం భోజనాల వేళ గాలి లేచింది. గాలి లేస్తే ఆ పనిలో ఒకటే పద్ధతి. గాలికి ఎదురున్న తాళ్లు కోసెయ్యాలి. గుడ్డ కింద పడుతుంది, జనం గుడ్డ కింద నుంచి పాక్కుంటూ బయటికొస్తారు, గుడ్డ చిరిగితే చిరుగుతుంది, ప్రాణాలుంటాయి. బాబూరావు చాకు తీసేడు. తీసి, కొత్త గుడ్డ కదా అని ఆగేడు. ఒక్క నిమిషం. గాలి తగ్గుతుందేమో అనుకున్నాడు. తగ్గలేదు. షామియానా రాటతో సహా పైకి లేచి, రాట తిరిగొచ్చి వడ్డనకి వచ్చిన నిర్మల భుజం మీద పడింది. ఆ కుడి చెయ్యి ఈనాటికీ భుజం దాటి పైకి లేవదు. జడ ఆవిడ వేసుకోలేదు, ఆయనే వేస్తాడు. తాను ఆగిన సంగతి బాబూరావు ఎవరికీ చెప్పలేదు. కూతురు సుస్మితకి కూడా తెలియదు. ఆ రోజు నుంచి చాకు జేబు విడవలేదు, గాలి వాసన తగిలితే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా ముందే తాళ్లు కోసేసేవాడు. గోవిందరాజులు గారు తాళ్లు కొనలేక లబోదిబోమనేవారు.

అలాంటి మనిషి దగ్గరికొచ్చి, ఏప్రిల్ నెలాఖరులో ఓ సాయంత్రం సుస్మిత, "నాన్నా, ఓ మంచి టెంటు చూసిపెట్టాలి" అంది.

"ఎవరి ఫంక్షనమ్మా?"

"ఫంక్షన్ కాదు నాన్నా. మాకే. మడిచి బస్సులో పట్టుకెళ్లేది. అడవి దగ్గర వేసుకుని అందులో పడుకుంటాం."

బాబూరావు నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

సంగతేమంటే, సుస్మితా, ఆమె భర్త అభిలాషూ కొత్తపేటలో ఉంటారు. ఆమెది స్కూల్లో టీచరు ఉద్యోగం, అతనిది బ్యాంకులో. ఏడేళ్ల పిల్ల కెజియా. సెలవులొస్తే ముగ్గురూ బస్సెక్కి ఎక్కడికో అక్కడికి పోతారు. కారు లేదు, కొనే ఆలోచనా లేదు. కిందటేడు మారేడుమిల్లి వెళ్తే గది దొరక్క, పిల్లని ఒళ్లో పెట్టుకుని బస్టాపులో కూర్చోవలసి వచ్చిందట. అక్కడ టెంట్లు వేసుకోనిచ్చే తోట ఒకటుందని ఎవరో చెప్పేరట. ఈసారి సొంత టెంటుతో వెళ్లాలని పట్టు.

"మీకు తెలిసినంత మాకేం తెలుస్తుందండీ మావయ్యగారూ" అన్నాడు అభిలాష్.

"వద్దు బాబూ. గుడ్డ కింద పిల్లని పడుకోబెట్టడమేంటండీ! వద్దంటే వద్దు."

"నువ్వు చూడకపోతే మేమే ఫోన్‌లో ఏదో ఒకటి తెప్పించేసుకుంటాం" అంది సుస్మిత. ఆ పిల్లకి తల్లి నోరొచ్చింది.

ఆ మాటతో బాబూరావు ఇరుకున పడ్డాడు. చూడనంటే వీళ్లు ఏ పనికిమాలిన గుడ్డో కొనుక్కుని పోతారు. చూస్తానంటే, రేపు ఏదైనా జరిగితే అది తాను ఎంచిన గుడ్డే అవుతుంది. రెండింట్లో ఏది ఎక్కువ భయమో తూచుకుని, చివరికి "చూస్తాలే" అన్నాడు.

మొదటి టెంటు ఆయనే కుట్టేడు. మందపాటి కాన్వాసు, ఇనప గొట్టాలు, బొటనవేలంత తాళ్లు, మూరెడు మేకులు. ఏనుగు వచ్చి తోసినా కదలదు. అభిలాష్ దాన్ని అటూ ఇటూ చూసి, మామగారిని నొప్పించలేక, "బస్సెక్కించి చూద్దామండి" అన్నాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని కొత్తపేట బస్టాండుకి మోసేసరికి అల్లుడి చొక్కా తడిసి ముద్దయింది. రావులపాలెం బస్సు తలుపులో గొట్టాలు అడ్డం పడ్డాయి. ముందుకీ పోవు, వెనక్కీ రావు. దిగేవాళ్లు లోపలా, ఎక్కేవాళ్లు బయటా.

కండక్టరు గంగాదేవి టిక్కెట్ల మిషను మెళ్లో వేలాడుతుండగా వచ్చి చూసింది. "ఏటండీ ఇది, ఇల్లు ఖాళీ చేస్తున్నారా? లారీ మాట్లాడుకోండి బాబూ."

"టెంటండీ, మారేడుమిల్లికి" అన్నాడు బాబూరావు.

"ఆయ్, తెలుస్తానే ఉంది. మారేడుమిల్లి అంటే మూడు బస్సులు మారాలండీ. మూడుసార్లు దీన్ని దింపి ఎక్కిస్తే మీరు అడవికి కాదు, ఆస్పత్రికి వెళ్తారు."

బస్సంతా నవ్వింది. బాబూరావు నవ్వలేదు. బరువు తగ్గితే గాలికి లోకువ. బరువుంటే బస్సెక్కదు. ఈ లెక్క తేలేది కాదనిపించి, ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రెండోది రాజమండ్రి కొట్లో చూసేరు. మడతలో గుండ్రంగా చేట కంటే రెండింతలుంది. కొట్టువాడు పట్టీ తీసి నేల మీదికి విసిరేడో లేదో, ఫట్‌మని దానంతటదే విచ్చుకుని టెంటయి కూర్చుంది. కెజియా చప్పట్లు కొట్టింది. బాబూరావు ఎగిరి రెండడుగులు వెనక్కేసేడు.

"చూసేరా మావయ్యగారూ, క్షణంలో పని."

"దానంతటది తెరుచుకునేది, దానంతటది ఎగిరిపోతుంది కూడాను. పదండి పదండి" అని మెట్లు దిగిపోయేడు. తర్వాత బస్సులో సామాన్లు పెట్టే అరని చేత్తో కొలిచి, ఆ చేట ఎలాగూ పట్టేది కాదని అల్లుడికి చూపించి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

మూడోది సుస్మిత ఫోన్‌లోనే తెప్పించింది. చంకలో ఇమిడే సంచి. పిల్ల కూడా వీపున తగిలించుకుని గెంతగలిగినంత తేలిక. సీటు కింద దూరిపోతుంది. విప్పితే రెండు పొడవాటి పుల్లలు, చిటికెన వేలంత లావు, మడత పెడితే జానెడు ముక్కలు. ఆ పుల్లల్ని చూడగానే బాబూరావు ముఖం పాలిపోయింది. అయినా పనివాడు కదా, వదల్లేదు. పెరట్లో వేయించి మీద పది బిందెల నీళ్లు కుమ్మరించేడు. కుట్టు కుట్టుకీ గోరు పెట్టి లాగేడు. రెండు వరసల కుట్టు, లోపల చుక్క దిగలేదు. నేల గుడ్డ గోడలతో కలిపి కుట్టేసి ఉంది, పురుగూ పుట్రా రావడానికి సందు లేదు. ఏ వంకా దొరక్క ఆయనకి ఇంకా భయం వేసింది.

సంచి మీద నలుగురికి అని రాసుంది. "మీరు ముగ్గురేగా. నాలుగో మనిషెవరమ్మా?" అనడిగేడు.

"నువ్వే."

"నేనా! గుడ్డ కింద పడుకోవడమా! నన్ను చంపినా రాను."

"ముప్పై నాలుగేళ్లు ఊరందర్నీ గుడ్డ కింద కూర్చోబెట్టేరు గానీ" అంది నిర్మల ఎడమచేత్తో చీపురు పట్టి ఊడుస్తూ, "మీరు మాత్రం ఎప్పుడూ రాట పక్కనే నిలబడతారు."

తేల్చుకోవాలంటే ఒకటే దారి. ఏదీ నిలబడని చోట నిలబెట్టి చూడాలి. మే నెల మొదట్లో ఓ మంగళవారం, అందరూ బస్సూ ఆటో మారి వాడపల్లి దగ్గర గోదావరి ఒడ్డుకి చేరేరు. నిర్మల ఇంటి దగ్గరే ఉండిపోయింది. వేసవికి ఏరు వెనక్కి తగ్గి, ఇసుక బయటపడి ఉంది. ఇసుకలో నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుందని బాబూరావు లెక్క. కంపెనీ వాడిచ్చిన మేకులు ఇసుకలోకి వేలితో దిగేయి, వేలితోనే పైకొచ్చేయి. ఆయన తల అడ్డంగా ఊపి, గట్టు మీద తోటలోంచి ఎండిన కొబ్బరి మట్టల మొదళ్లు నాలుగు ఏరుకొచ్చేడు. ఏటి ఒడ్డున షామియానా వెయ్యాలంటే కోనసీమలో ఇదే పని. మోచేతి లోతు గొయ్యి తీసి, మట్ట మొదలుకి నడిమిన తాడు కట్టి, అడ్డంగా పాతిపెట్టి, ఇసుక పోసి తొక్కితే, ఇద్దరు మగాళ్లు లాగినా రాదు. నాలుగు మూలలకీ నాలుగు పాతేడు. పాతి, ఒక్కొక్క తాడునీ లాగి చూసి, మళ్లీ మొదట్నుంచి లాగి చూసేడు.

మధ్యాహ్నం మూడు దాటింది. కొబ్బరి బొండాలు తెస్తానని అభిలాష్ గట్టెక్కేడు. సుస్మిత ఫోటో కోసం నీళ్లవైపు దూరంగా వెళ్లింది. కెజియా టెంటులోకి దూరి జిప్పు వేసేసుకుని, లోపల తన బొమ్మలతో ఏదో మాట్లాడుకుంటోంది.

బాబూరావు గట్టు మీది చెట్ల వంక చూసేడు. ఆకు కొసలు ఆగిపోయి ఉన్నాయి. అలా ఆగడం ఆయనకి తెలుసు. ఆవలి ఒడ్డు మీద ఇసుక లేచి పసుప్పచ్చగా ఇటు కదిలి వస్తోంది.

"కెజియా! బయటికి రా తల్లీ! బయటికి రా!"

ఆ మాట పూర్తవకుండానే గాలి వచ్చి పడింది. ఇసుక కళ్లల్లో కొట్టింది. టెంటు ఒక పక్కకి వొంగిపోయి, గుడ్డ పటపటా కొట్టుకోసాగింది. లోపల్నుంచి "తాతయ్యా!" అని ఏడుపు. జిప్పు పిల్ల చేతికి రావడం లేదు. బాబూరావుకి పై ప్రాణాలు పైనే పోయేయి. రాజోలు పెళ్లీ, పైకి లేచిన రాటా, నిర్మల అరుపూ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చేయి. ఈసారి ఆగకూడదు. ఒక్క క్షణం ఆగకూడదు. చాకు ఎప్పుడు తీసేడో, ఎప్పుడు విప్పేడో ఆయనకే తెలియదు. గాలికి ఎదురున్న తాడు ఒక్క వేటుకి కోసేసేడు.

గుడ్డ కింద పడలేదు.

పడుతుందని అలవాటు పడ్డ మనిషి అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ మూల నేలని వదిలి పైకి లేచింది. దాంతోపాటు లోపలి నేల కూడా లేచింది. అప్పుడు తట్టింది ఆయనకి. షామియానాలో గుడ్డ వేరు, మనుషులు వేరు. తాడు కోస్తే గుడ్డ పోయి మనుషులు మిగులుతారు. ఇక్కడ నేల కూడా గుడ్డే. గుడ్డ ఎక్కడికి పోతే పిల్ల అక్కడికే పోతుంది. పదమూడేళ్లుగా ప్రాణంలా దాచుకున్న చాకుతో తన మనవరాలిని గాలి చేతుల్లో పెట్టేడు!

"యేసయ్యా!" అని అరిచేడు. చాకు ఎటో విసిరేసి, లేచిన మూల మీద పొట్టతో పడ్డాడు. గాలి ఆయన్ని కూడా మూరెడు లేపి దింపింది. ఒక చేత్తో గుడ్డ గుప్పిట పట్టుకుని, రెండో చేత్తో జిప్పు లాగి, పాక్కుంటూ లోపలికి దూరి, లేచిన మూల మీదే వెల్లకిలా పడి, పిల్లని రొమ్ము మీదికి లాక్కున్నాడు. మిగిలిన మూడు మూలలా కొబ్బరి మట్టలు ఇసుకలో పళ్లు బిగించి పట్టుకున్నాయి.

పైన గుడ్డ ఉబ్బుతోంది, అణుగుతోంది. లేచి పిల్లని ఎత్తుకుని బయటికి పరిగెడదామని మోచెయ్యి ఆనించేడు.

"లేవకు తాతయ్యా" అంది కెజియా, చొక్కా రెండు చేతులా పట్టుకుని. "నువ్వు లేస్తే ఇది కూడా లేస్తాది. లేవకు."

లేవలేదు. కళ్లు మూసుకుందామన్నా మూతపడలేదు. అలా పైకి చూస్తూ ఉంటే ఒకటి కనిపించింది. ఆ చిటికెన వేలంత పుల్లలు, తాను అసహ్యించుకున్న పుల్లలు, గాలి కొట్టినప్పుడల్లా నేలకి తగిలేలా వంగి, గాలి వదలగానే మళ్లీ లేస్తున్నాయి. సరుగుడు రాట అయితే వంగదు, నిలబడినంతసేపు నిలబడి మీద పడుతుంది. అలాంటప్పుడు కూడా ఆయనలోని పనివాడు అది గమనించకుండా ఉండలేకపోయేడు. భయం మాత్రం వెంట్రుకంతైనా తగ్గలేదు.

పది నిమిషాలకి గాలి దాటిపోయింది. సుస్మిత ఆయాసపడుతూ వచ్చి, పిల్లని లాక్కుని ఒళ్లంతా తడిమి చూసింది. తర్వాత తెగిన తాడు చూసింది. తెగింది కాదు, కోసిందని చూస్తేనే తెలుస్తోంది.

"నువ్వు కోసేవా?"

"కోసేనమ్మా."

"నా పిల్ల లోపలుంటే తాడు కోస్తావా నాన్నా? నీకేమైనా మతి ఉందా?" అరిచింది. అంతవరకూ తండ్రి మీద అంత గొంతు ఎత్తిన పిల్ల కాదు. బొండాలతో వచ్చిన అభిలాష్ అక్కడే ఆగిపోయేడు.

బాబూరావు ఇసుకలో చతికిలబడి, తలెత్తకుండా చెప్పేడు. రాజోలు సంగతి చెప్పేడు. కొత్త గుడ్డని చూసి ఆగిన ఒక్క నిమిషం సంగతి చెప్పేడు. "మీ అమ్మ చెయ్యి గాలి తీసుకెళ్లలేదమ్మా, నేనే తీసేను. అప్పుడు కొయ్యక చెడ్డాను, ఇప్పుడు కోసి చెడ్డాను. గాలంటే నాకు బుర్ర పని చెయ్యదు. నన్ను నమ్మకండి." ఏడుస్తూనే చెప్పేడు. సుస్మిత అంతా విని, పిల్లని చంకనేసుకుని గట్టెక్కేసింది. బస్సులో ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు. టెంటు సంచి ఎవరూ పట్టుకోకపోతే బాబూరావు కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి నిర్మలకి చెప్పేడు, పదమూడేళ్లది కూడా కలిపి. ఆవిడ జడ వేయించుకుంటూ వింది. "నాకు తెలుసండీ" అంది. "చాకు చేతిలో పెట్టుకుని నిలబడ్డారుగా, వడ్డన కాడినించి నాకు కనబడ్డారు. మీరే చెప్తారని చూసేను. చెప్పడానికి ఇన్నాళ్లా?"

"కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. జడ సరిగ్గా వెయ్యండి, వంకరపోతోంది."

తర్వాత వారం ఆయన పనికి వెళ్లొచ్చి, సాయంత్రాలు కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. టెంట్ హౌస్‌లో మూల పడున్న పాత షామియానా గుడ్డ తెచ్చి, నాలుగు పొడవాటి సంచులు కుట్టేడు. మూతికి తాడు, నడిమికి కొక్కెం. ఖాళీగా ఉంటే నాలుగూ కలిపి జేబురుమాళ్ల కట్టంత. దిగిన చోట మట్టో ఇసకో రాళ్లో నింపి మూలలకి తగిలిస్తే, కొబ్బరి మట్టలు లేని అడవిలో కూడా కదలదు. తిరిగొచ్చేటప్పుడు దులిపేసి మడుచుకోవడమే. బస్సెక్కని బరువు. ఆదివారం చర్చి అయ్యాక కొత్తపేట వెళ్లి, కూతురి ముందు టెంటు సంచీ, దాని మీద ఈ నాలుగూ పెట్టేడు. కోసిన తాడు స్థానంలో కొత్త తాడు వేసి ఉంది.

"ఎంచమన్నావు కదమ్మా. ఇదే. ఇంతకంటే మంచిది నాకు తెలిసి లేదు. నాకు భయమే, అయినా ఇదే."

సుస్మిత సంచుల కుట్టు వేలితో తడిమింది. "మూలలకి సరే నాన్నా. మధ్యలో బరువో?" అంది.

అర్థమైన బాబూరావు అల్లుడి వంక చెయ్యి చూపించేడు. "అల్లుడుగారు ఉన్నారుగా..."

"ఆయన యాభై అయిదు కిలోలు. నువ్వు ఎనభై."

"కిలోల మాట అలా ఉంచండి మావయ్యగారూ" అన్నాడు అభిలాష్ నెమ్మదిగా, "మీ బరువు మేం మొయ్యక్కర్లేదు. మీ కాళ్ల మీద మీరే బస్సెక్కుతారు."

వెళ్లే రోజు పొద్దున్నే చాకు కోసం చెయ్యి జేబులోకి పోయింది. లేదు. ఆ రోజు గోదావరి ఇసుకలో పోయింది పోయిందే, మళ్లీ కొనలేదు. ఆ ఖాళీ జేబులో నిర్మల వేరుశనగ పప్పుల పొట్లం పెట్టింది. రావులపాలెం బస్సులో కండక్టరు గంగాదేవే ఉంది. సీటు కింద సంచి చూసి, "ఇల్లు ఇంత చిన్నదైపోయిందేటండీ!" అని నవ్వింది. బాబూరావు ఆయ్ అన్నాడు గానీ, దారి పొడుగునా కిటికీలోంచి ఆకు కొసలే చూస్తూ కూర్చున్నాడు. మూడు బస్సులు మారేసరికి పప్పులన్నీ పిండైపోయేలా పొట్లం నలిపేసేడు.

తోటలో నాలుగు సంచుల్లో మట్టి నింపి మూలలకి తగిలించింది ఆయనే. సాయంత్రం నాలుగున్నరకి కొండ మీంచి గాలి దిగింది. వెదుళ్లు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమన్నాయి. బాబూరావు టెంటు మధ్యలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పైన గుడ్డ ఉబ్బింది. కుడి చెయ్యి దానంతటది జేబులోకి పోయి, నలిగిన పొట్లం పట్టుకుంది.

కెజియా వచ్చి పక్కన పడుకుని ఆయన చొక్కా పట్టుకుంది. "లేవకు తాతయ్యా."

"లేవనమ్మా" అన్నాడు, పళ్లు టకటకా కొట్టుకుంటుండగా.